రాక్షసుడికి ఎన్ని పాచికలు?

తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు నుంచి వెళ్లి అమెరికాలోని రెడ్‌మండ్‌లో స్థిరపడినవాళ్లకు ఆ ఊరంటే మైక్రోసాఫ్టే. అదే ఊరి చిరునామాతో నడిచిన పైజో అనే సంస్థ 2009లో ‘పాత్‌ఫైండర్’ ఆటను తెచ్చిందనీ, కాస్త దూరంలోని రెంటన్‌లో ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ అచ్చువేసే విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ ఉందనీ చాలామందికి పట్టదు. రాక్షసులను పుస్తకాల్లోకెక్కించి అమ్ముకునే వ్యాపారం ఇది. ఇదెలా పుట్టిందో చూస్తే ఆ దేశపు ఈమధ్య చరిత్ర కొంత తెలుస్తుంది.

ముందు ఆట సంగతి. నలుగురైదుగురు బల్ల చుట్టూ చేరతారు. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవాళ్లు అందులో వీరులు. కత్తి తగిలిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. చిక్కల్లా ఆ వీరులు చెప్పిన దారిన నడవకపోవడమే. కథకుడు గుహలో రాక్షసుణ్ణి సిద్ధం చేసి కూర్చుంటే, వాళ్లు మధ్యలో సత్రంలో దిగి కాపలావాడితో తగువు పెట్టుకుంటారు. అప్పటికప్పుడు ఆ కాపలావాణ్ణే వాళ్లకు దీటుగా పెంచాలి.

ఈ లెక్కలు సైన్యం నుంచి వచ్చాయి. ప్రష్యా అధికారులు 1820ల నుంచే మ్యాపుల మీద పాచికలేసి యుద్ధాలు సాధన చేసేవారు. ఆ బాటలో అమెరికా సైనికాధికారి చార్లెస్ టాటెన్ 1880లో ‘స్ట్రాటెగోస్’ రాశాడు. వియత్నాం యుద్ధం రోజుల్లో ఆ పాత పుస్తకం మినెసోటా కుర్రాడు డేవిడ్ వెస్లీకి యూనివర్సిటీ లైబ్రరీలో దొరికింది. 1969లో అతను ఆడించిన ఆటలో ఆటగాళ్లకు దళాల బదులు మనుషుల పాత్రలు దక్కాయి. అతని మిత్రుడు డేవ్ ఆర్నెసన్ ఆ పద్ధతిని కోట కింది నేలమాళిగల్లోకి దింపాడు. విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవాలో గ్యారీ గైగాక్స్‌కు 1970లో ఇన్సూరెన్స్ ఉద్యోగం పోయింది. బూట్లు బాగుచేస్తూ, ఆటలకు రూల్సు రాస్తూ గడిపాడు. ఆర్నెసన్, గైగాక్స్ కలిసి తయారుచేసిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో వెయ్యి ప్రతులతో మార్కెట్‌లోకి వచ్చింది.

రిస్కును పట్టికల్లో చూసే అలవాటు గైగాక్స్‌కు పోలేదనిపిస్తుంది. ప్రతి రాక్షసుడికీ ఇన్ని పాచికలని రాసేశాడు. ఆర్క్‌కు ఒకటి, ఓగర్‌కు నాలుగుపైన ఒక పాయింటు, ట్రోల్‌కు ఆరుపైన మూడు. పాచికలు పెంచితే ప్రాణమూ పెరుగుతుంది, వాడు కొట్టే దెబ్బ తగిలే అవకాశమూ పెరుగుతుంది. కాపలావాణ్ణి పెంచడానికి నిమిషం చాలు.

మన రాక్షసుడూ ఆ జాబితాకెక్కాడు. 1977 నాటి పుస్తకంలో ‘రాక్షస’ పులితలతో, చేతిలో పొగాకు పైపుతో దర్జాగా కూర్చుని ఉంటాడు. ఘటోత్కచుణ్ణి చూసిన కళ్లకు నవ్వొస్తుంది. అప్పుడతనికి ఎనిమిది ముఖాల పాచికలు ఏడు, అంటే సగటున ముప్పై ఒకటి, ముప్పై రెండు పాయింట్ల ప్రాణం. 2014 నాటికి పాచికలు పదమూడయ్యాయి, వాటిపైన మరో 52 కలిసి ప్రాణం 110కి చేరింది.

రాక్షసులందరూ పురాణాల నుంచే రాలేదు. హాంకాంగ్‌లో తయారై చవక దుకాణాల్లో సంచుల్లో అమ్మిన ప్లాస్టిక్ జంతుబొమ్మల్లో ఒకటి, తోక చివర ప్రొపెల్లర్ లాంటిది ఉన్నది, ‘రస్ట్ మాన్‌స్టర్’ అయింది. అది మనిషి జోలికి రాదు, అతని ఇనుప కత్తిని తుప్పుపట్టించి తింటుంది. పాచికలు పెంచకుండానే వీరులు హడలిపోతారు.

1980లలో ఈ ఆట పిల్లల్ని క్షుద్రపూజల్లోకి లాగుతుందని అమెరికాలో గగ్గోలు పుట్టింది. అమ్మకాలు మాత్రం పెరిగాయి. రాక్షసుల లెక్కలూ మారుతూ వచ్చాయి. 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌లో రాక్షసుణ్ణి పెంచడమంటే ఆడిట్ చేసినంత పని. 2008లో నాలుగో ఎడిషన్ ఒక్క దెబ్బకే పోయే బంట్లను తెచ్చింది. 2019 పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ అన్నిటికన్నా సులువు: దాడికి, రక్షణకు, దెబ్బకు రెండేసి కలిపి, ప్రాణం పట్టిక ప్రకారం పెంచితే రాక్షసుడు ఒక లెవెల్ పైకి వెళతాడు.

అయితే ప్రాణం ఒక్కటే పెంచితే ఆట సాగుతుంది, పస పెరగదు. అయిదుగురు వీరులు అయిదుసార్లు కొడుతుంటే రాక్షసుడికి ఒక్క వంతే వస్తుంది. అందుకే 2014 నాటి డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఎడిషన్ కొందరు పెద్ద రాక్షసులకు ఇతరుల వంతు ముగియగానే కదిలే హక్కు ఇచ్చింది. కాపలావాడికైనా అంతే, ఇంకో వంతు ఇవ్వాలి, లేదా ఈల వేయించి తోడు పిలిపించాలి. తెనాలి చక్రపాణి నిర్మాతల్లో ఒకరైన 1957 నాటి ‘మాయాబజార్’లో ఘటోత్కచుడు ఎంతటివాడో పెళ్లివంటకాలన్నీ ఒక్కడే లాగించినప్పుడు తెలుస్తుంది. ఆటలోనూ రాక్షసుడి చేత ఏదో ఒకటి చేయించాలి.

ఆడదలచినవాళ్లు ఖర్చుకు వెనకాడనక్కర్లేదు. 2014 ఎడిషన్ మూల నియమాలను విజర్డ్స్ 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ కింద ఉచితంగా వదిలింది. అందులో పులితల రాక్షసుడూ ఉన్నాడు. మూలం ఎవరిదో పేర్కొంటే చాలు, తెలుగులోకి మార్చి తెనాలిలో అచ్చువేసుకున్నా అడిగేవాడు లేడు.