డిస్కు పుట్టిన ఇల్లు

ఈ రోజు ఏ ల్యాప్‌టాప్ విప్పి చూసినా ఐబీఎం తయారుచేసిన కొత్త డిస్కు కనిపించదు. హార్డ్ డిస్కును లోకానికి ఇచ్చిన సంస్థ అదే. నలభయ్యారేళ్లు దాన్ని పెంచి, చివరికి అమ్ముకుని తప్పుకున్న సంస్థ కూడా అదే.

కథ కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో మొదలైంది. 1952లో ఐబీఎం అక్కడ ఒక చిన్న ప్రయోగశాల తెరిచి, దాన్ని రెనాల్డ్ జాన్సన్ చేతుల్లో పెట్టింది. ఆయన ఒకప్పుడు మిషిగన్‌లో బడిపంతులు. పరీక్ష పత్రాలు దిద్దే యంత్రాన్ని తయారుచేసి ఐబీఎంలోకి వచ్చినవాడు. అప్పటికి లెక్కలన్నీ చిల్లుల కార్డుల్లో ఉండేవి. ఒక్క ఖాతాదారు వివరం కావాలన్నా కట్టంతా వరుసగా తిప్పాల్సిందే. 1956 సెప్టెంబరులో జాన్సన్ బృందం బయటికి తెచ్చిన రామాక్ అనే తొలి హార్డ్ డిస్కు యంత్రం ఆ బాధ తప్పించింది. రెండడుగుల వెడల్పున్న పళ్లేలు యాభై, ఒకే ఇరుసు మీద నిమిషానికి 1,200 చుట్లు తిరిగేవి. వాటి సందుల్లోకి దూరే చేయి ఒకటి నేరుగా కావలసిన చోటికే వెళ్లి చదివేది. బరువు టన్ను దాకా ఉండేది, పట్టేది మాత్రం 50 లక్షల అక్షరాలే. ఇప్పటి ఫోన్‌తో తీసే ఒకట్రెండు ఫొటోలకు కూడా చాలదు. కానీ మన పెళ్లి ఫొటోలు, పిల్లల వీడియోలు, పొలం కాగితాల స్కాన్లు ఏళ్ల తరబడి దాచుకున్న డిస్కులన్నీ ఆ యంత్రం సంతానమే.

ఆ తరవాత నాలుగు దశాబ్దాలు ఆ ఇల్లు కొత్త దారులు చూపుతూనే ఉంది. చదివే తలల్ని, పళ్లేల్ని ఒకే పెట్టెలో మూసిపెట్టిన వించెస్టర్ 1973లో వచ్చింది. నేటి హార్డ్ డిస్కులన్నీ ఆ పద్ధతిలోనే నడుస్తున్నాయి. పాడయ్యే లక్షణాలను డిస్కే ముందుగా పసిగట్టి హెచ్చరించే ఏర్పాటు 1992లో ఏఎస్/400 కంప్యూటర్లకు పెట్టిన డిస్కుల్లో మొదలైంది. తరవాత పరిశ్రమంతా ఒప్పుకున్న ‘స్మార్ట్’ ప్రమాణానికి మూలం అదే. పళ్లెం మీది అతి చిన్న అయస్కాంత గుర్తును కూడా పట్టుకోగల జెయింట్ మాగ్నెటోరెసిస్టెన్స్ తలను 1997లో మొదట అమ్మకానికి తెచ్చిందీ ఐబీఎమ్మే. ఆ భౌతిక సూత్రాన్ని కనుక్కున్న ఫెర్ట్, గ్రూన్‌బర్గ్‌లకు 2007లో నోబెల్ బహుమతి వచ్చింది. ల్యాప్‌టాప్‌ల కోసం ఐబీఎం ట్రావెల్‌స్టార్ డిస్కులు చేసింది. ఇంత ఎరిగిన ఇల్లు దేనివల్ల కూలిందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

2000 సంవత్సరంలో డెస్క్‌స్టార్ 75జీఎక్స్‌పీ వచ్చింది. టేబుల్ మీది కంప్యూటర్లకు చేసిన డిస్కు అది. అల్యూమినియానికి బదులు అద్దపు పళ్లేలు, ఒక్కోదాని మీద 15 జీబీ, అన్నీ కలిపి 75 జీబీ. ఆనాటికి అది పెద్ద నిధి, పైగా వేగం. జనం ఎగబడి కొన్నారు. కొన్ని నెలలు గడిచాక ఇళ్లలో, ఆఫీసుల్లో టిక్కు టిక్కుమనే చప్పుడు మొదలైంది. ఏ డిస్కులోనైనా ఆ చప్పుడుకి చాలావరకు అర్థం ఒకటే. తల తన స్థానం తెలిపే గుర్తుల్ని వెతుక్కుంటోంది, దొరక్క వెనక్కి పోతోంది, మళ్లీ వస్తోంది. పాడైన డిస్కుల్ని విప్పిన డేటా రికవరీ పనివాళ్లకు కొన్నింటిలో పళ్లెం మీది అయస్కాంత పూత గీసుకుపోయి కింది అద్దం కనిపించింది. పూత పోయిన చోట రాసి ఉన్నది ఇక ఎవరికీ దక్కదు. డెస్క్‌స్టార్‌ని జనం ‘డెత్‌స్టార్’ అని పిలవడం మొదలుపెట్టారు.

2001 అక్టోబరులో కొనుగోలుదారులు కోర్టుకెక్కారు. 2005లో కేసు రాజీతో ముగిసింది. అర్హులకు వంద డాలర్ల చొప్పున ముట్టింది. పోయిన థీసిస్‌కి, చనిపోయిన తండ్రి గొంతు ఉన్న ఫైలుకి వెల కట్టే కోర్టు ఎక్కడుంది?

కేసు తేలకముందే ఇల్లు చేతులు మారింది. 2002లో ఐబీఎం తన డిస్కుల వ్యాపారాన్ని 205 కోట్ల డాలర్లకు హిటాచీకి అమ్మడానికి ఒప్పుకుంది. నేరమంతా ఒక్క 75జీఎక్స్‌పీ మీద మోపడం న్యాయం కాదు. డిస్కుల ధరలు ఏటా పడిపోతూ లాభం మిగలని వ్యాపారమైపోయింది. కానీ డిస్కును కొనేవాడు అసలు కొనేది నమ్మకాన్ని. అది పోయిన పేరుతో ఆ నష్టాల్ని తట్టుకోవడం ఎవరి తరం?

ట్రావెల్‌స్టార్ కూడా హిటాచీ వెంటే వెళ్లిపోయింది. ఆ మరుసటి ఏడే ఐబీఎం తన థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాప్‌లో కుదుపును పసిగట్టే సెన్సారు పెట్టింది. ల్యాప్‌టాప్ చేయి జారితే, నేల తాకేలోగా డిస్కు తలను పక్కకు తప్పించడానికి. డిస్కు తమది కాకుండా పోయాక కూడా దాన్ని కాపాడాలని చూశారు. 2005లో ఆ ల్యాప్‌టాప్‌ల వ్యాపారమూ లెనోవోకి పోయింది. పాత డిస్కులపై పరిశోధన జరిగిన శాన్ హోసేలోని 25వ నంబరు భవనం 2008 మార్చిలో కాలిపోయింది. హిటాచీ డిస్కుల వ్యాపారాన్ని 2012లో వెస్ట్రన్ డిజిటల్ కలుపుకుంది.

ఆ ఇంటి నుంచి మనకు మిగిలింది డిస్కే ముందుగా ఇచ్చే ఆ స్మార్ట్ హెచ్చరిక. దాన్ని కూడా పూర్తిగా నమ్ముకుని కూర్చోలేం. గూగుల్ ఇంజనీర్లు లక్షకు పైగా డిస్కుల్ని పరిశీలించి 2007లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, పాడైన డిస్కుల్లో సగానికి పైగా నాలుగు ముఖ్యమైన స్మార్ట్ సూచికల్లో ఒక్కదానిలోనూ ముందు చెప్పలేదు. చెప్పిన డిస్కును మాత్రం అలక్ష్యం చేయకూడదు. మొదటి స్కాన్ ఎర్రర్ కనపడ్డ డిస్కు అరవై రోజుల్లోగా పోయే అవకాశం, కనపడని దానికంటే 39 రెట్లు ఎక్కువ.

కాబట్టి మీ పాత ల్యాప్‌టాప్ ఫైలు తెరవడానికి నిమిషాలు తీసుకుంటున్నా, స్మార్ట్ పట్టికలో రీఅలొకేటెడ్ (చెడి, వేరే చోటికి మార్చిన), పెండింగ్ (చదవలేక అనుమానంలో ఉంచిన) సెక్టార్ల లెక్క పెరుగుతున్నా, వెంటనే విండోస్‌లోని చెక్‌డిస్క్ నడపకండి. చెడ్డ సెక్టార్లను వెతకమంటే అది డిస్కునంతా చదువుతుంది, కొనప్రాణంతో ఉన్న తల ఆ శ్రమకు తట్టుకోలేకపోవచ్చు. ముందు ముఖ్యమైన ఫైళ్లు వేరే డిస్కులోకి ఎక్కించుకోండి. మామూలుగా కాపీ కాకపోతే, లినక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాంతో మొత్తం డిస్కు నకలు తీయించండి. అది చదవగలిగిన చోట్లన్నీ ముందు చదివి, మొండికేసిన సెక్టార్ల సంగతి చివర్లో చూస్తుంది. టిక్కు చప్పుడు అప్పటికే మొదలైతే ఇవేవీ వద్దు. కరెంటు తీసేసి, దాన్ని డేటా రికవరీ తెలిసినవాళ్ల చేతికివ్వండి. డిస్కు బాగానే ఉంటే, ఇంకో నకలు ఈ రాత్రికే తీసి పెట్టండి.