అఫ్జల్‌గంజ్ చింతచెట్టు

చిన్నప్పుడు మా ఊళ్ళో చింతచెట్టు కింద పడుకోనిచ్చేవాళ్ళు కాదు, దెయ్యాలుంటాయని. హైదరాబాదులో ఒక చింతచెట్టు దగ్గరికి మాత్రం ఏటా సెప్టెంబరు 28న కొంతమంది పనిగట్టుకుని వస్తారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉందది.

1908లో ఆ రోజున మూసీ నగరం మీద పడింది. కుండపోత వానకి ఎగువన 200కు పైగా చెరువులు తెగాయి. అఫ్జల్‌గంజ్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు మూడూ దెబ్బతిన్నాయి. సుమారు 15 వేలమంది పోయారంటారు. కవి అమ్జద్ హైదరాబాదీ తల్లినీ, భార్యనీ, కూతురినీ ఆ నీళ్ళలోనే పోగొట్టుకున్నాడు. ఈ చింతచెట్టు కొమ్మలెక్కి దాదాపు 150 మంది బతికి బయటపడ్డారు.

తర్వాతి కథ మనకు తెలిసిందే. నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. చరిత్ర పుస్తకాలు ఆ జలాశయాల దగ్గరికి వెళ్ళిపోతాయి. నేను మాత్రం ఆ చెట్టు దగ్గరే ఆగిపోతాను. వరదొస్తే ఎక్కడానికని దాన్నెవరూ పెంచలేదు. అంతమందిని మోసేంత మాను అయ్యేదాకా ఎవరూ నరకలేదు, అంతే.

రోడ్డు వెడల్పు చేసేటప్పుడు "ఒకటి కొడితే పది నాటుతాం" అంటారు కదా, అప్పుడల్లా నాకీ చెట్టే గుర్తొస్తుంది. పెద్ద చెట్టు ఆకుల మీద వాన కాసేపు ఆగి, మెల్లగా కిందికి దిగుతుంది. వేళ్ళు నేలని గుల్లగా ఉంచి నీటిని లోపలికి పోనిస్తాయి. ఎండాకాలంలో నీడా, ఆకులు వదిలే ఆవిరీ కలిసి వీధిని చల్లబరుస్తాయి. ఇదంతా కొమ్మల విరివి మీదా, వేళ్ళ విస్తృతి మీదా ఆధారపడిన పని. పది మొక్కలకి ఆ రెండూ రావాలంటే దశాబ్దాలు పడుతుంది, అదీ పదీ బతికితే.

చెట్లుంటే చాలు వరదలు రావని నేననను. 1908 నాటి వానని ఆపడం చెట్ల వల్ల అయ్యేది కాదు, జలాశయాలు కావలసిందే. చేవెళ్ళ దారిలో వందలాది మర్రిచెట్ల కోసం జనం హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళినప్పుడు, ఆ ఇరుకు రోడ్డు మీద పోతున్న ప్రాణాల మాటేమిటని అడిగినవాళ్ళూ ఉన్నారు. అదీ న్యాయమైన ప్రశ్నే. కానీ జవాబు వెతికేటప్పుడు చెట్టుకి కట్టే విలువ కలప విలువే అయితే ఎలా? 2002లో వచ్చిన వాల్టా చట్టం పేరులోనే నీరు, భూమి, చెట్టు పక్కపక్కన ఉన్నాయి. లెక్క వేసేటప్పుడు మాత్రం మూడింటినీ విడదీస్తున్నాం.

ఈమధ్య ఎండల్లో వెళ్ళి చూశాను. ఆ చింత నీడలో రోగుల తాలూకు మనుషులు టిఫిన్ డబ్బాలు విప్పుకుని కూర్చున్నారు. ఒక ముసలాయన తువ్వాలు పరుచుకుని నిద్రపోతున్నాడు. దెయ్యాల సంగతి ఆయనకెవరూ చెప్పినట్టు లేదు.