మర్ఫా వెనక ఆఫ్రికా

పెళ్ళి ఊరేగింపులో మర్ఫా మోగిందంటే, ఫిల్మ్ నగర్ వదినగారైనా సరే, కొంగు దోపి నాలుగడుగులు వేయాల్సిందే. ఆ దరువు ఎక్కడిదో ఎప్పుడైనా అడిగామా?

జూబిలీ హిల్స్ దిగి మాసాబ్ ట్యాంక్ వైపు వెళ్తే ఏ.సి. గార్డ్స్ వస్తుంది. చల్లని మిషన్లు అమ్మే పేట కాదండోయ్! ఆఫ్రికన్ క్యావల్రీ గార్డ్స్, అంటే నిజాం కొలువులో ఉన్న సిద్దీ రౌతుల పేట. 1948లో హైదరాబాదు భారతదేశంలో కలిశాక ఆ దళం రద్దయింది. గుర్రం పోయింది, జీతం పోయింది. ఆఫ్రికాలో పెద్దలు మాట్లాడిన భాష ఏనాడో పోయింది. చేతిలో డోలు మిగిలింది. మర్ఫాలో యెమెన్ అరబ్బుల పాలూ ఉంది లెండి. కానీ కొలువు పోయిన సిద్దీల ఇళ్ళలో పొయ్యి వెలిగించింది ఆ డోలే.

గుజరాత్‌లోని రతన్‌పూర్‌లో సిద్దీలు బావా గోర్ దర్గా దగ్గర భక్తితో డోళ్ళు వాయిస్తారు. మనం మాత్రం గంటకింతని బేరమాడి పిలుస్తాం. వాయించే అబ్బాయి తాత ఏ గుర్రమెక్కాడో ఎవరమూ అడగం.