న్యూయార్క్ పత్తి ధర, కోసిగి మట్కా చీటీ

మట్కా పుట్టింది పత్తి ధరలోంచి అంటే మా కోసిగిలో చాలామంది నమ్మరు. పత్తి అంటే మాకు ఆదోని మార్కెట్ యార్డు, తూకం, తేమ పేరుతో కోత. మట్కా అంటే పాన్ డబ్బా పక్కన నిలబడి చీటీ రాసేవాడు. ఈ రెండిటినీ కలిపింది తంతి తీగ.

1870లో సముద్రం కింద కేబుల్ వేసి బొంబాయిని లండన్‌తో కలిపారు. అట్లాంటిక్ కేబుల్ అప్పటికే, 1866 నుంచీ పనిచేస్తోంది. ఆ మరుసటేడే, 1871లో, మద్రాసు నుంచి వచ్చిన రైలు పట్టాలూ బొంబాయి నుంచి వచ్చినవీ రాయచూరులో కలిశాయి. ఆ దారిలోదే మా కోసిగి స్టేషన్. ఆదోని దూది బస్తా బొంబాయికి రైల్లో పోవాల్సిందే, కానీ దాని ధర తీగ మీద క్షణాల్లో పోతుంది. సరుకూ వార్తా విడిపోయాయన్నమాట. జేమ్స్ కేరీ అనే అమెరికన్ మీడియా పండితుడు 1983లో దీనిమీదే ఒక వ్యాసం రాశాడు. ఒక ఊళ్లో కొని ఇంకో ఊళ్లో అమ్మి లాభపడటం తంతితో కష్టమైంది, ఎందుకంటే ధర అందరికీ ఒకేసారి తెలిసిపోతోంది. దాంతో వ్యాపారి చూపు ఊళ్ల మధ్య తేడా మీంచి ఇవాళ్టికీ రేపటికీ మధ్య తేడా మీదికి మళ్లింది. ఫ్యూచర్స్ మార్కెట్ అలా బలపడిందని ఆయన వాదన.

సరే, రేపటి ధర మీద షావుకార్లు పందెం కాస్తుంటే కూలివాడు ఊరుకుంటాడా? న్యూయార్క్ కాటన్ ఎక్స్చేంజి నుంచి బొంబాయికి వచ్చే ఓపెనింగ్, క్లోజింగ్ రేట్ల అంకెల మీద వాడూ కాశాడు. ఇప్పటికీ మట్కాలో వినపడే 'ఓపెన్', 'క్లోజ్' అవే. పత్తి పోయింది, మాటలు మిగిలాయి.

నాకు ఆసక్తిగా అనిపించేది ఇక్కడ నమ్మకం ఎలా పనిచేసిందన్నది. అంకె అంత దూరం నుంచి వస్తోంది కాబట్టి బొంబాయి బుకీ దాన్ని మార్చలేడు. దూరమే గ్యారంటీ! 1961లో ఆ రేట్లు రావడం ఆగిపోయేసరికి ఆ గ్యారంటీ కూడా పోయింది. 1962లో కళ్యాణ్‌జీ భగత్, 1964లో రతన్ ఖత్రీ సొంత మట్కాలు పెట్టి పేకముక్కలు తీసి అంకెలు ప్రకటించడం మొదలెట్టారు. మూడు ముక్కల మొత్తంలో చివరి అంకె ఓపెన్, ఇంకో మూడింటిది క్లోజ్. ఒక్క అంకెకి సాధారణంగా రూపాయికి తొమ్మిది. ఉన్నవి పది అంకెలు. అంటే ఏ మోసమూ లేకపోయినా కట్టిన ప్రతి పది రూపాయల్లో సగటున ఒకటి కంపెనీకే. ఈ లెక్క ఐదో తరగతి పిల్లాడు కూడా చెయ్యగలడు, కానీ చీటీ రాయించేటప్పుడు ఎవరు చేస్తారు :-)

మన చట్టం మాత్రం వేరే ప్రశ్న పట్టుకుంది: ఇది నైపుణ్యమా, అదృష్టమా? సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద రమ్మీ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒకవైపు, కె. సత్యనారాయణ ఇంకోవైపు. పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి కాబట్టి రమ్మీలో ప్రధానంగా నైపుణ్యమే ఉందని 1967లో జస్టిస్ హిదయతుల్లా తీర్పు రాశారు. తర్వాత ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలన్నీ దీన్నే జెండాలా ఊపాయి. అదే తీర్పులో ఇంకో మాట ఉంది: పందెం ఆటలోంచి క్లబ్ యజమాని లాభం తీసుకుంటున్నాడని తేలితే నేరం కావచ్చు అని. ఈ ముక్కని మాత్రం జాగ్రత్తగా కింద పడేశారు.

యాప్‌లో జరిగేది సరిగ్గా అదే. ప్రతి టేబుల్ మీదా కంపెనీకి వాటా. పైగా క్లబ్బులో నలుగురూ ఎదురెదురుగా కూర్చుంటారు, ముక్కలు కలిపే చేతులు కనిపిస్తాయి. యాప్‌లో ముక్కలు కలిపేది సర్వర్. అందరి చేతుల్లో ఏముందో దానికి తెలుసు, అవతల ఆడేది మనిషో కాదో కూడా దానికే తెలుసు. ర్యాండమ్ నంబర్ జనరేటర్‌కి సర్టిఫికెట్ ఉందంటారు. కోడ్ రాసి బతికేవాడిగా చెప్తున్నా, ఆ సర్టిఫికెట్ అబద్ధమని నేననను. కానీ న్యూయార్క్ రేటుని పేపర్లో ఎవడైనా సరిచూసుకోగలిగేవాడు, ఈ సర్వర్‌ని ఆడేవాడు సరిచూసుకోలేడు. నైపుణ్యం ఎంతుందన్న చర్చలో ఈ సంగతి అసలు రాదు.

తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరులో ఆన్‌లైన్ పందేలని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది, పెద్ద కంపెనీలు ఆ నెలలోనే డబ్బు ఆటలు ఆపేశాయి. శిక్ష నడిపేవాళ్లకే గానీ ఆడేవాళ్లకి లేదు, అది మంచి పనే. మధ్యలోని ఐదేళ్లూ తమాషా. నెట్‌వర్క్‌కి హద్దులుండవని చదువుకున్నాం కదా, ఫోన్‌లోని జీపీఎస్ మా జిల్లా చుట్టూ గీత గీసేసింది. కోసిగిలో తెరుచుకోని యాప్, రాయచూరు వైపు రైలెక్కి తుంగభద్ర వంతెన దాటాక తెరుచుకునేది, కర్ణాటకలో కూడా నిషేధం నడిచిన కొన్ని నెలలు తప్ప. సుగ్గికని బెంగళూరు పోయే కుర్రాళ్లకి ఆ వంతెన కూడా అక్కర్లేదు. కూలి డబ్బులు ఫోన్‌లోకొచ్చే చోటే ఆటా ఉండేది.