జర్మన్ క్రిస్మస్ పలుకులు

జర్మన్ మాట్లాడే దేశాల్లో క్రిస్మస్‌కు ముందు వచ్చే అడ్వెంట్ కాలపు మొదటి ఆదివారం నుంచి జనవరి 6న వచ్చే ముగ్గురు రాజుల పండుగ వరకు వాడుకలో ఉండే శుభాకాంక్షలు, ఆచారాల పేర్లు, తినుబండారాల పేర్లు. అన్నిటికన్నా తరచుగా వినబడేది ‘ఫ్రోహె వైనాఖ్టెన్’, అంటే క్రిస్మస్ శుభాకాంక్షలు. ఇందులో హకారం రాతలోనే గాని నోట పలకదు. మతం ప్రసక్తి లేకుండా చెప్పదలిచినవారు ‘ఫ్రోహెస్ ఫెస్ట్’ అని ఊరుకుంటారు.

వైనాఖ్టెన్ అనే పేరు 12వ శతాబ్దం నాటిది. 1170 ప్రాంతంలో ష్పెర్‌ఫోగెల్ పేరుతో వెలువడిన నీతిపద్యాల్లో దీని తొలి రూపం కనిపిస్తుంది. పవిత్రమైన రాత్రులు అని దీని అర్థం. పేరు నేటికీ బహువచనంలోనే ఉంది.

పండుగ పలుకుల్లో కొన్ని సంతలో పుట్టాయి. 1434లో సాక్సనీ పాలకుడు 2వ ఫ్రెడరిక్ డ్రెస్డెన్‌లో క్రిస్మస్ వేళ ఒక్కరోజు సంతకు అనుమతి ఇచ్చాడు. అదే నేటి ష్ట్రీట్సెల్‌మార్క్ట్. ష్ట్రీట్సెల్ అన్నది ష్టొలెన్ రొట్టెకు అక్కడి పాత పేరు. ఎండుద్రాక్ష, బాదం, వెన్న దండిగా వేసి కాల్చి, పైన పొడి పంచదార చల్లే ఈ రొట్టె మొదట్లో ఇంత రుచిగా ఉండేది కాదు. అడ్వెంట్ ఉపవాస కాలం కావడంతో వెన్న నిషిద్ధం. పిండి, నీళ్ళు, నూనెతోనే సరిపెట్టుకోవాలి. సాక్సనీ ప్రభువులు రోమ్‌కు మొరపెట్టుకోగా 8వ ఇన్నొసెంట్ పోపు 1491లో వెన్న వాడుకకు అనుమతి పత్రం పంపాడు. బదులుగా చర్చి నిర్మాణానికి సొమ్ము చెల్లించాలని షరతు పెట్టాడు. 1730లో సాక్సనీని ఏలిన అగస్టస్ తన సైనిక విన్యాసాల ముగింపు విందుకు దాదాపు 1.8 టన్నుల ష్టొలెన్ చేయించాడు. ఆ ఆడంబరాన్ని తలచుకుంటూ 1994 నుంచి డ్రెస్డెన్‌లో ఏటా ష్టొలెన్ ఉత్సవం జరుపుతున్నారు.

న్యూరెంబర్గ్ సంత పేరు క్రిస్ట్‌కిండ్లెస్‌మార్క్ట్. దీనికి దొరికిన అతి పాత ఆధారం 1628 నాటి చెక్కపెట్టె మీది రాత. చుట్టూ ఉన్న అడవుల తేనె, వర్తక మార్గంలో వచ్చే మసాలా దినుసులు ఈ ఊరిని లేబ్‌కూఖెన్ అనే మసాలా బిస్కెట్లకు పేరుమోసిన చోటు చేశాయి. వీటిలో మేలురకమైన ఎలీజెన్ లేబ్‌కూఖెన్‌లో గింజపప్పులు కనీసం నాలుగోవంతు ఉండాలి, పిండి పదోవంతు దాటకూడదు. సంతలో దీనికి తోడు గ్లూవైన్, అంటే దాల్చినచెక్క, లవంగాలు వేసి కాచిన ద్రాక్షసారా.

కానుకలు ఎవరు తెస్తారన్న విషయంలో మతసంస్కరణ పెద్ద మార్పు తెచ్చింది. అంతకు ముందు డిసెంబరు 6న సెయింట్ నికోలస్ తెచ్చేవాడు. సాధువుల ఆరాధనను తగ్గించాలనుకున్న మార్టిన్ లూథర్ ఆ పనిని బాలక్రీస్తుకు, క్రిస్మస్ రాత్రికి మార్చాడు. క్రిస్ట్‌కింట్ అనే మాట ఇలా నిలబడింది. విచిత్రమేమంటే తరువాతి కాలంలో ఆ మాటను కాథలిక్ దక్షిణ ప్రాంతాలు, ఆస్ట్రియా సొంతం చేసుకున్నాయి. ప్రొటెస్టెంట్ ఉత్తర ప్రాంతాలు మాత్రం వైనాఖ్ట్స్‌మాన్ అనే గడ్డపు తాతకు మొగ్గాయి. నికోలస్ పూర్తిగా పోలేదు. డిసెంబరు 5 రాత్రి పిల్లలు తలుపు దగ్గర బూట్లు పెడితే తెల్లారేసరికి వాటిలో మిఠాయిలు ఉంటాయి.

17, 18 శతాబ్దాల్లో క్రిస్మస్ చెట్టు నిలిపే అలవాటు పట్టణాల్లో మెల్లగా పాకింది.

నేడు ప్రాచీనమని తోచే జర్మన్ క్రిస్మస్‌లో ఎక్కువ భాగం నిజానికి 19వ శతాబ్దం ఇచ్చినదే. ‘ష్టిలె నాఖ్ట్’, అంటే నిశ్శబ్ద రాత్రి, పాటను మొదటిసారి పాడింది 1818 డిసెంబరు 24న, సాల్జ్‌బర్గ్ దగ్గరి ఓబెర్న్‌డార్ఫ్ చర్చిలో. యువ కాథలిక్ పురోహితుడు యోసెఫ్ మోర్ 1816లోనే మాటలు రాసిపెట్టుకున్నాడు. బడిపంతులు ఫ్రాన్స్ క్సావర్ గ్రూబర్ బాణీ కట్టాడు. ఇద్దరూ కలిసి గిటార్ తోడుగా పాడారు. టిరోల్ ప్రాంతపు గాయక కుటుంబాలు ఊరూరా తిరిగి పాడడంతో పాట పేరుకెక్కింది గాని కర్తల పేర్లు మరుగున పడ్డాయి. చివరికి బెర్లిన్ ఆస్థాన సంగీత బృందం ఇది మిఖాయెల్ హైడన్ రచనేమోనని ఆరా తీయగా, 1854లో గ్రూబర్ జరిగింది జరిగినట్టు రాసి ఇచ్చాడు. మోర్ అప్పటికి ఆరేళ్ళ క్రితమే మరణించాడు. ఈ పాట అనువాదం తెలుగు చర్చిల్లోనూ క్రిస్మస్ ఆరాధనలో వినిపిస్తుంది. తెలుగు నేలకు జర్మన్ లూథరన్ల పరిచయం ఈ పాట కన్నా పాతది. మద్రాసులో పనిచేసిన బెంజమిన్ షుల్ట్సె 1740లలోనే హాలె పట్టణంలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. తరువాత 1842లో గుంటూరు చేరి మిషన్ నెలకొల్పిన హెయ్యర్ కూడా జర్మనీలోని హెల్మ్‌ష్టెట్‌లో పుట్టినవాడు.

1824లో లైప్‌జిగ్ ఉపాధ్యాయుడు ఎర్న్‌స్ట్ అన్షూట్స్ ‘ఓ టానెన్‌బౌమ్’, అంటే ఓ ఫర్ చెట్టూ, పాటకు నేటి రూపం ఇచ్చాడు. అంతకు ముందు అది మాట తప్పిన ప్రేయసి మీది పాట. అడ్వెంట్స్‌క్రాంట్స్, అంటే అడ్వెంట్ దండ, హాంబర్గ్‌లో దిక్కులేని పిల్లల కోసం యోహాన్ హిన్రిఖ్ విఖెర్న్ నడిపిన ఆశ్రమంలో పుట్టింది. పండుగ ఇంకెన్నాళ్ళని పిల్లలు అడుగుతుంటే, 1839లో ఆ సహృదయుడు ఒక బండిచక్రం మీద కొవ్వొత్తులు అమర్చాడు. ఆదివారాలకు నాలుగు పెద్దవి, మిగతా రోజులకు చిన్నవి. ఇళ్ళలోకి వచ్చేసరికి నాలుగే మిగిలాయి. పచ్చని ఫర్ రెమ్మల అలంకారం తరువాత చేరింది. తురింగియాలోని లౌషా గ్రామంలో గాజు ఊదే కుటుంబాలు చెట్టుకు వేలాడదీసే గోళాలు చేశాయి. 1880లలో అమెరికా వ్యాపారి వుల్‌వర్త్ వాటిని కొనుక్కుపోవడంతో ఊరికి బతుకుతెరువు కుదిరింది. రోజుకొక తలుపు తెరిచే అడ్వెంట్స్‌కాలెండర్ 20వ శతాబ్దం మొదటి పాదంలో మ్యూనిక్ ప్రచురణకర్త గేర్హార్ట్ లాంగ్ చేతుల మీద రూపు దిద్దుకుంది. చిన్నతనంలో తల్లి అట్ట మీద కుట్టి ఇచ్చిన 24 బిస్కెట్లు దానికి ప్రేరణ.

నాజీలు పండుగను క్రీస్తు నుంచి విడదీసి యూల్‌ఫెస్ట్ అని పిలిపించాలని చూశారు. ఇళ్ళలో ఆ పేరు పాతుకోలేదు. బాలక్రీస్తు పేరు మాత్రం నిలిచింది: న్యూరెంబర్గ్‌లో 1969 నుంచి రెండేళ్ళకొకసారి ఒక యువతిని క్రిస్ట్‌కింట్‌గా ఎన్నుకుంటున్నారు.

వాడుక తెలియనివారికి తేదీలే ముందు తడబాటు కలిగిస్తాయి. అసలు పండుగ డిసెంబరు 24 సాయంత్రం, దాని పేరు హైలిగాబెంట్. మధ్యాహ్నానికే దుకాణాలు మూస్తారు. చీకటి పడ్డాక గంట మోగితే పిల్లలు చెట్టున్న గదిలోకి పరుగెడతారు. ఈ కానుకల ఘట్టమే బెషేరుంగ్. ఆ రాత్రి చాలా ఇళ్ళలో బంగాళాదుంప సలాడ్, సాసేజ్‌లే భోజనం. పెద్ద బాతు వేపుడు మర్నాటికి. 25, 26 తేదీలు బంధువులవి. శుభాకాంక్షకు బదులిచ్చేటప్పుడు పెద్దవారికి ‘ఈనెన్ ఔఖ్’, అంటే మీకూ. స్నేహితులకు ‘డీర్ ఔఖ్’, అంటే నీకూ. గ్లాసులు తాకించి ‘ప్రోస్ట్’ అనేటప్పుడు ఎదుటివారి కళ్ళలోకి చూడాలి, చూపు తిప్పుకుంటే అమర్యాద.

క్రిస్మస్‌కు, కొత్త సంవత్సరానికి నడుమ రోజులను ‘ట్స్విషెన్ డెన్ యారెన్’, సంవత్సరాల మధ్య, అంటారు. ఏడాది ఏ రోజున మొదలవుతుందన్న దానిపై పూర్వం ఏకాభిప్రాయం లేదు. అప్పటి మాట ఇది. కొత్త ఏడాదిలోకి హాయిగా జారమని దీవించే ‘గూటెన్ రుచ్’ డిసెంబరు 31 అర్ధరాత్రి వరకే చెల్లుతుంది. ఆపైన ‘ఫ్రోహెస్ నొయెస్ యార్’ అనాలి. జనవరి 6 ప్రాంతంలో రాజుల వేషాలు కట్టిన పిల్లలు ఇంటింటికీ వచ్చి పాడి, పేదపిల్లల సహాయానికి చందా పోగుచేసి, గుమ్మం మీద సుద్దతో ఏడాది అంకెలు, సి, ఎం, బి అక్షరాలు రాసిపోతారు. క్రీస్తు ఈ ఇంటిని దీవించుగాక అనే లాటిన్ వాక్యానికి అవి పొడి అక్షరాలని చర్చి వివరణ. కాస్పర్, మెల్ఖియోర్, బాల్తజార్ అనే ముగ్గురు రాజుల పేర్లని జనం చెప్పుకునే మాట.