మన నిద్ర టైం ఎవరు పెట్టారు? బొగ్గుబాయి సైరన్ నుంచి ఫోన్‌లో స్లీప్ షెడ్యూల్ దాకా

ఈ ఎపిసోడ్ ఒక మిస్డ్ కాల్‌తో మొదలుపెడతా.

పోయిన ఏడాది నా ఫోన్‌లో స్లీప్ షెడ్యూల్ పెట్టుకున్నా. రాత్రి 11 నుంచి పొద్దున 6:30 దాకా స్క్రీన్ బ్లాక్ అండ్ వైట్ అయిపోతుంది, నోటిఫికేషన్లు రావు, కాల్స్ మోగవు. ఒకే నంబర్ నుంచి వెంటనే రెండోసారి కాల్ వస్తే మోగాలి అనే ఆప్షన్ ఒకటి ఉంటుంది కదా, అదీ ఆఫ్ చేశా. వారం రోజులు మస్తుగా నిద్రపోయా. ఎనిమిదో రోజు లేచి చూస్తే అమ్మ దగ్గర్నుంచి నాలుగు మిస్డ్ కాల్స్. మొదటిది రాత్రి 2:10కి. నస్పూర్‌లో మా బాపుకి బీపీ పడిపోయి కళ్లు తిరిగి కింద పడ్డాడు. పక్కింటి అన్న ఆటో మాట్లాడి ఆస్పత్రికి తీసుకుపోయాడు. బాపు ఇప్పుడు బాగానే ఉన్నాడు. కానీ నేను ఫోన్ చేసి సారీ చెప్తే అమ్మ ఒకే మాట అంది: "నిద్రల ఉన్నవేమో బిడ్డా, పోనీ తీ."

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఎందుకంటే నిద్రపోయేవాళ్లను లేపొద్దు అనే రూల్ మా ఇంట్లో ఫోన్లు రాకముందే ఉంది.

బాపుది బొగ్గుబాయి పని. మా దిక్కు గనిని బాయి అనే అంటారు. ఫస్ట్ షిఫ్ట్ అంటే పొద్దున ఏడింటికి, సెకండ్ షిఫ్ట్ మధ్యాహ్నం మూడింటికి, నైట్ షిఫ్ట్ రాత్రి పదకొండింటికి. వారం వారం మారేది. నైట్ షిఫ్ట్ వారంలో బాపు పొద్దున ఎనిమిదికి ఇంటికొచ్చి, స్నానం చేసి, తిని పండుకునేవాడు. అప్పుడు అమ్మ కిటికీకి దుప్పటి కట్టేది. కుక్కర్ పెట్టేది కాదు. టీవీ సౌండ్ సున్నా. మేం వాకిట్లో క్రికెట్ ఆడితే బయటికొచ్చి, "సప్పుడు చెయ్యకుర్రి, బాపు పండుకున్నడు" అని మెల్లగా అరిచేది. మెల్లగా అరవడం ఎట్లనో షిఫ్ట్ డ్యూటీ ఇండ్లల్లో పెరిగినవాళ్లకు తెలుస్తది. ఇప్పుడు ఆలోచిస్తే మా ఇంటి డు నాట్ డిస్టర్బ్ మోడ్ అమ్మే.

సరే, ఇక హిస్టరీలోకి పోదాం. అసలు ఇంత టైంకి పడుకోవాలి, ఇంత టైంకి లేవాలి అని నిమిషాల్లో లెక్క మనకెప్పుడొచ్చింది?

పాత రోజుల్లో మన లెక్క గడియలు, జాములు. గడియ అంటే 24 నిమిషాలు. రోజుకు 60 గడియలు, ఎనిమిది జాములు. జాము అంటే మూడు గంటలు. గడియారం అనే మాటలో ఉన్నది ఆ గడియే. కోడి కూసే జాముకు లేచేటోళ్లు, దీపంలో నూనె దండగ అని తొందరగా పండుకునేటోళ్లు. ఏ ఊరి పొద్దు ఆ ఊరిదే.

దాన్ని మార్చింది రైలు. ఊరికో టైం ఉంటే రైళ్లు నడవవు. అందుకే దేశంలో చాలా రైల్వేలు మద్రాస్ టైంని పట్టుకున్నాయి. తర్వాత 1906 జనవరి 1 నుంచి ఇండియన్ స్టాండర్డ్ టైం వచ్చింది. దానికి లెక్క 82.5 డిగ్రీల రేఖాంశం, అంటే కాకినాడ దగ్గర్లోంచి పోయే గీత. మన నస్పూర్, మంచిర్యాల దాదాపు 79.5 డిగ్రీల మీద ఉన్నాయి. ఒక డిగ్రీకి నాలుగు నిమిషాలు. అంటే మీ ఫోన్‌లో టైం కంటే మన ఊరి సూర్యుడు సగటున ఒక 12 నిమిషాలు లేటు. 1929లో కాజీపేట–బల్లార్ష లైన్ పూర్తయ్యాక ఢిల్లీ–మద్రాస్ రైళ్లు మంచిర్యాల మీదుగా పోవడం మొదలైంది.

రైలు వెనకాలే బొగ్గు. 1871లో జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వే హక్కులు తీసుకుంది, 1889లో బొగ్గు తీయడం మొదలైంది. 1920 డిసెంబర్ 23న అది సింగరేణి కాలరీస్ కంపెనీ అయింది. 1920ల చివర్లో బెల్లంపల్లి వైపు తవ్వకం మొదలైంది. ఆ తర్వాత రామకృష్ణాపూర్, శ్రీరాంపూర్... అట్లా మన దాకా వచ్చింది.

ఇక్కడ ఒక పాయింట్ చూడండి. పొలం రాత్రి పడుకుంటది, బాయి పడుకోదు. లోపల నీళ్లు ఊరుతూనే ఉంటాయి, పంపు ఆపితే మునుగుతది. గ్యాస్ చేరుతూనే ఉంటది, ఫ్యాన్ ఆపితే ప్రమాదం. అంటే బొగ్గు తీసినా తీయకపోయినా రాత్రంతా ఎవరో ఒకరు మేలుకొని ఉండాల్సిందే. దానికి తోడు 1952 గనుల చట్టం భూగర్భంలో మనిషిని రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించి పని చేయించొద్దని చెప్పింది. 8 గంటల పని మంచిదే, కార్మికులు కొట్లాడి తెచ్చుకున్నదే. కానీ 24ని 8తో భాగిస్తే మూడొస్తది. ఆ మూడో ముక్క పేరే నైట్ షిఫ్ట్. రాత్రి పడుకునే టైం ఒకటుంటది అనే మాట ఆ ముక్క పడ్డోళ్లకు వర్తించదు.

మరి ఇట్లాంటి ఊళ్లలో మనుషుల్ని టైంకి ఎవరు లేపేవాళ్లు? ఇక్కడ నాకు బాగా నచ్చిన కథ ఒకటి ఇంగ్లండ్‌ది. అలారం గడియారం అందరూ కొనలేని రోజుల్లో అక్కడ నాకర్-అప్ అనే పని ఉండేది. పొడుగు కర్రతో పై అంతస్తు కిటికీలు కొట్టి జనాన్ని లేపడమే ఉద్యోగం. డర్హమ్ బొగ్గు గనుల ఊళ్లలో ఇంకో పద్ధతి ఉండేది. కార్మికుల ఇంటి బయట గోడకు ఒక పలక బిగించి ఉండేది. ఆ ఇంటాయన తన షిఫ్ట్ వివరం సుద్దముక్కతో దాని మీద రాసేవాడు. గని వాళ్లు పెట్టిన మనిషి వచ్చి, పలక చదివి, ఆ టైంకి తలుపు కొట్టేవాడు.

ఒక సాఫ్ట్‌వేర్ వాడిగా నాకు ఆ పలకే మొదటి స్లీప్ షెడ్యూల్ యాప్‌లా కనిపించింది. షిఫ్ట్ మారితే చెరిపి రాయడమే.

ఇప్పుడు మన యాప్‌ల సంగతి. 2016లో ఐఓఎస్ 10లో ఐఫోన్‌కు బెడ్‌టైమ్ అనే ఫీచర్ వచ్చింది. 2018లో గూగుల్ డిజిటల్ వెల్‌బీయింగ్ తెచ్చింది, అందులో రాత్రి స్క్రీన్ రంగులు తీసేసే ఆప్షన్ పెట్టింది. 2020లో ఐఓఎస్ 14 స్లీప్ షెడ్యూల్‌ని హెల్త్ యాప్‌లోకి తెచ్చింది. అన్నీ మంచివే. కానీ అన్నిట్లో ఒక నమ్మకం దాగి ఉంది: నువ్వు రోజూ దాదాపు ఒకే టైంకి పడుకుంటావు, మహా అయితే శని, ఆదివారాలు మారతావు అని. మా బాపు లైఫ్‌లో అట్లాంటి నెల ఒక్కటి కూడా లేదు.

నాకూ లేదు. బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో ఒక సపోర్ట్ ప్రాజెక్ట్‌లో రెండేళ్లు అమెరికా టైంకి పని చేశా. తెల్లారి నాలుగింటికి క్యాబ్ దిగి, రూమ్‌లో కిటికీకి దుప్పటి కట్టుకున్న రోజు నాకు నవ్వొచ్చింది. బాయి నుంచి తప్పించాలని చదివిస్తే నేను ఏసీలో కూర్చొని అదే నైట్ షిఫ్ట్ చేస్తున్నా.

వారం వారం మారితే శరీరం అలవాటు పడదా? 1938లో నథానియల్ క్లైట్‌మన్ అనే సైంటిస్ట్, తన స్టూడెంట్ బ్రూస్ రిచర్డ్‌సన్‌తో కలిసి అమెరికాలో మామత్ కేవ్ అనే గుహలోకి దిగి 32 రోజులున్నాడు. వెలుగు లేదు, గడియారమే దిక్కు. రోజుకు 24 కాదు, 28 గంటలు అని లెక్క పెట్టుకున్నారు. ఇరవైల్లో ఉన్న రిచర్డ్‌సన్ శరీరం కొత్త లెక్కకు మారింది. 43 ఏళ్ల క్లైట్‌మన్ శరీరం మారలేదు, పాత 24 గంటలనే పట్టుకుంది. ఇద్దరితో చేసిన ప్రయోగం కాబట్టి వయసు మీద తీర్పు చెప్పలేం. కానీ బాపు ముప్పై ఏళ్లప్పుడు ఎప్పుడంటే అప్పుడు పండుకునేవాడు, యాభై దాటాక పగలు రెండు గంటలకే లేచి మంచం మీద కూర్చునేవాడు. "నిద్ర ముదిరిపోయిందిరా" అనేవాడు.

ఆ లోపలి గడియారం ఎట్లా నడుస్తదో కనిపెట్టినందుకే 2017లో జెఫ్రీ హాల్, మైఖేల్ రాస్‌బాష్, మైఖేల్ యంగ్‌లకు నోబెల్ వచ్చింది. నైట్ షిఫ్ట్ పనిని 'బహుశా క్యాన్సర్ కారకం' అనే వర్గంలో డబ్ల్యూహెచ్ఓ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో పెట్టింది, 2019లో మళ్లీ అదే చెప్పింది. భయపెట్టడానికి చెప్పట్లేదు. పగటి నిద్రను బద్ధకం అనుకోవద్దని చెప్తున్నా.

ఇప్పుడు పనికొచ్చే ముక్క. బాపు ఫోన్‌లో నేను చేసింది ఇది. ఆండ్రాయిడ్‌లో బెడ్‌టైమ్ మోడ్‌కి ఒకటే టైం పెట్టగలం, అందుకే దాన్ని వదిలేశా. సెట్టింగ్స్‌లో డు నాట్ డిస్టర్బ్‌లోకి పోతే షెడ్యూల్స్ అని ఉంటది, అక్కడ ఎన్నైనా పెట్టుకోవచ్చు. మీ ఫోన్‌ని బట్టి పేర్లు కొంచెం మారతాయి. ఫస్ట్, సెకండ్, నైట్ అని మూడు పెట్టా. నైట్ వారానికి పొద్దున 9 నుంచి సాయంత్రం 4 దాకా. ఆదివారం ఒకటి ఆఫ్ చేసి ఇంకోటి ఆన్ చేయాలి, అంతే. చెరిపి రాయడమే. ఐఫోన్ అయితే ఒక్కో రోజుకు ఒక్కో టైం పెట్టొచ్చు, రేపటి ఒక్క రోజుకే కూడా మార్చొచ్చు.

రెండోది, ఇది నా తప్పు నుంచి నేర్చుకున్నది. ఇంట్లోవాళ్ల నంబర్లకు స్టార్ పెట్టి, స్టార్ కాంటాక్ట్స్ కాల్స్ మోగాలి అని పర్మిషన్ ఇవ్వండి. రెండోసారి చేస్తే మోగే ఆప్షన్ ఆన్‌లోనే ఉంచండి. నాకర్-అప్ అయినా, మా అమ్మ అయినా, ఎవరిని ఎప్పుడు లేపాలో తెలిసినవాళ్లు. ఫోన్‌కు మనం చెప్తేనే తెలుస్తది.

బాపుకి ఇంకో మూడేళ్ల సర్వీసు ఉంది. మొన్న పండక్కి పోయినప్పుడు ఆదివారం రాత్రి చూశా. బాపు ఫోన్ అమ్మ చేతిలో ఉంది. అద్దాలు పెట్టుకొని సెకండ్ ఆఫ్ చేసి, నైట్ ఆన్ చేసింది. తర్వాత లేచి కిటికీకి దుప్పటి కట్టింది.

మీ ఇంట్లో కూడా షిఫ్ట్ డ్యూటీ చేసేవాళ్లు ఉంటే, బాయి అయినా, కరెంట్ ప్లాంట్ అయినా, ఆస్పత్రి అయినా, కాల్ సెంటర్ అయినా, ఈ ఆదివారం ఒక పది నిమిషాలు వాళ్ల ఫోన్ తీసుకొని ఇది సెట్ చేసివ్వండి. మీ ఊళ్లో సైరన్ ఎన్నింటికి మోగేదో కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.