పేగు గోడలో వాయువు: ఎక్స్-రే చెప్పేది, చెప్పనిది

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి సీమలలో కడుపు ఉబ్బితే ‘గ్యాసు’ అని తేలికగా తీసుకోవడం పరిపాటి. తెలుగున పేగు, కన్నడాన కరుళు అనబడే గొట్టం లోపల వాయువుండడం సహజమే. అది పేగు గోడ పొరల మధ్యకు చేరితే మాత్రం వైద్యులు ‘న్యుమటోసిస్ ఇంటెస్టినాలిస్’ అంటారు. ఇది రోగం కాదు, రోగచిహ్నం.

ఎక్స్-రే చిత్రంలో వాయువు నల్లగా కనిపిస్తుంది. గోడలో చేరినప్పుడు పేగు అంచు వెంబడి సన్నని నల్లగీతగానో, నురగ వంటి బుడగలుగానో అగుపిస్తుంది. మలంతో కలిసిన గాలి కూడా ఇట్టి బుడగలనే చూపడం వల్ల అనుభవజ్ఞులు సైతం తడబడతారు. అందుకే కొన్ని గంటల వ్యవధిలో చిత్రం మళ్ళీ తీస్తారు.

నెలలు నిండకుండా పుట్టిన శిశువులో ఈ గీత కనిపిస్తే ‘నెక్రోటైజింగ్ ఎంటరోకొలైటిస్’ అనే పేగు కుళ్ళు వ్యాధిని ముందుగా అనుమానించాలి. 1978లో బెల్, ఆయన సహచరులు చేసిన వర్గీకరణను అనుసరించి నేటికీ ఈ చిహ్నాన్ని రెండవ దశకు గుర్తుగా ఎంచుతున్నారు. పొట్ట బిగుసుకోవడం, పచ్చని వాంతి, మలంలో రక్తం, ఊపిరి ఆగి ఆగి రావడం దీని లక్షణాలు. పాలు ఆపి, గొట్టం ద్వారా పొట్టలోని గాలి తీసి, యాంటీబయాటిక్ మందులు ఎక్కిస్తారు. వాయువు కాలేయపు పోర్టల్ సిరలో కనిపిస్తే వ్యాధి ముదిరినట్లు భావిస్తారు. పేగు బయట, ఉదరకుహరంలో కనిపిస్తే పేగుకు రంధ్రం పడినట్లే, శస్త్రచికిత్స తప్పనిసరి కావచ్చు. తల్లిపాలు త్రాగే శిశువులలో ఈ వ్యాధి తక్కువ. డబ్బాపాలే బలమని నమ్మే ఇళ్ళలో ఈ మాట గట్టిగా చెప్పవలసినదే.

పెద్దలలో కథ వేరు. వారికి సి.టి. స్కాన్ ఎక్కువ స్పష్టత నిస్తుంది. పేగుకు రక్తప్రసరణ ఆగినప్పుడూ, దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బులోనూ చిత్రం ఒకేలా ఉండవచ్చు. మొదటిది ప్రాణాంతకం, రెండవది తరచు నిరపాయం. మధుమేహానికి వాడే అకార్బోస్, వోగ్లిబోస్ మాత్రల వల్ల జీర్ణంకాని పిండిపదార్థం పేగులో పులిసి, అరుదుగా ఇదే స్థితి ఏర్పడుతుంది. కనుక నొప్పి, జ్వరం, నాడి, రక్తంలోని లాక్టేట్, వాడుతున్న మాత్రల జాబితా చూడకుండా చిత్రాన్ని మాత్రమే నమ్మి కడుపు కోయరు.

బాగేపల్లి నుండి బెంగళూరు సుమారు 100 కిలోమీటర్లు. శిశువును అక్కడికి పంపేటప్పుడు మొదటి ఎక్స్-రే చిత్రాన్నీ, తీసిన సమయాన్నీ వెంట పంపాలి. గీత పెరిగిందో తగ్గిందో పోల్చి చూడడానికి అక్కడి వైద్యులకు అదే ఆధారం.